రాత్రివేళ ఆమె వెళ్ళినది ఎవరికొరకు?



ఈ మాసము నేను వ్రాయబోవు మాటలు కొందరికి రుచింపకపోవచ్చును. ఇట్టివి గుడిలో ప్రసంగపీఠము నుండి చెప్పవలసినవి గాని పత్రికలో వ్రాయవలసినవి కావని కొందరందురు. పీఠము నుండియు చెప్పితిని. విన్నవారు తలలూపిరి. ఆశీర్వాదము అయిన పిమ్మట గుడిమెట్లు దిగుచు మరల పాతమాటయే అనుకొనిరి. గనుక ఇంటివద్ద తీరికగా, భార్యాబిడ్డలు వినుచుండగా చదువుకొనవలెనని దీనిని వ్రాయుచున్నాను.

ఆ పాతమాట ఇది: "ఆ వేళప్పుడు ఆడదాన్ని ఎవరు వెళ్ళమన్నారు?"

మా పెంటపాడు ప్రాంతమందు ఒకే మాసములో రెండు సంగతులు జరిగినవి. ఊరి పేరు, మనుష్యుల పేర్లు చెప్పను. అవి తెలిసినవారికి తెలియును, తెలియనివారికి అక్కరలేదు.

మొదటిది. జ్వరముతో ఒక పెద్దమనిషి చనిపోయెను. మందుబిళ్ళలు ఇచ్చి, రక్తపరీక్షకు వెళ్ళుమని రెండుమార్లు చెప్పిపోయిన పురుష ఆరోగ్య సహాయకుని, శవము ఇంటి ముంగిట ఉండగానే బంధువులు చొక్కాపట్టి లాగి చెంపమీద కొట్టిరి. సాయంకాలమునకు చావడియొద్ద పెద్దలు కూడిరి. కొట్టినవారిచేత క్షమాపణ చెప్పించిరి. ఆ ఆదివారము మన గుడిలో అతని పేరు చెప్పి ప్రార్థన చేసితిమి. ఇది మంచిదే. అతడు నిర్దోషి, అతనికి న్యాయము జరుగవలసినదే.

రెండవది. మన సంఘపు సహోదరి యొకామె ఆశా కార్యకర్తగా పనిచేయుచున్నది. ఒక రాత్రి నొప్పులు పడుచున్న స్త్రీని 108 బండిలో పట్టణపు ఆస్పత్రికి తీసికొనిపోయి, కాన్పు సుఖముగా అయిన తరువాత, తెల్లవారుజామున ఏదో బండి పట్టుకొని రోడ్డుమీద దిగి, కాలువగట్టున ఇంటికి నడిచి వచ్చుచుండెను. మోటారుసైకిలుమీద వచ్చిన ఇద్దరు యువకులు ఆమెను అడ్డగించి, చేయి పట్టుకొని, చీరకొంగు లాగి, నేను ఇచ్చట వ్రాయలేని మాటలు అడిగిరి. ఆమె కేక వేసెను. చేనికి నీరు పెట్టుకొనుచున్న రైతు ఒకడు లాంతరు చూపుచు పరుగెత్తి రాగా వారు పారిపోయిరి. వారిలో ఒకడు ఆమె ఎరిగినవాడే. ఆ యింటి చంటిబిడ్డకు ఆమె చేతులతోనే పోలియో చుక్కలు వేసినది.

ఈ రెండవ సంగతికి చావడి కూడలేదు. ఎవరును క్షమాపణ చెప్పలేదు. గుడిలో ప్రార్థనయు జరుగలేదు. తొమ్మిది దినములవరకు ఆమె ఎవరితోను చెప్పలేదు. తరువాత నా భార్యతో వంటింటిలో కూర్చుండి చెప్పెను. నేను సంఘపెద్దల ఎదుట ఈ మాట ఎత్తగా ఒకరు, "చేయి పట్టుకొన్నారంతే గదా, దెబ్బలేమీ తగలలేదు" అనిరి. ఇంకొకరు, "బయటపెట్టితే ఆమెకే పరువు తక్కువ" అనిరి. మూడవవారు నేను పైన వ్రాసిన పాతమాట అనిరి. ఈ లోపల ఆమె పెనిమిటికి సంగతి తెలిసి, ఆ యువకులను విడిచి ఆమెనే కొట్టెను.

పెద్దలను తప్పుపట్టుట సులభము. నా తప్పు చెప్పకుండ వారి తప్పు చెప్పుట న్యాయము కాదు. నా భార్య ఆమెను నా యెదుటికి తీసికొని వచ్చినప్పుడు నా నోట వచ్చిన మొదటి మాట: "ఆ వేళ ఒంటరిగా ఎందుకు వచ్చితివమ్మా?"

ఆమె తల వంచుకొనియే జవాబిచ్చెను. "అయ్యగారూ, ఆ రాత్రి నాకు ఫోను చేసి వెళ్ళమన్నది మీరే కదండీ. ఆ పిల్ల మన సంఘం పిల్లేనండి."

అది నిజము. కన్నతండ్రి పరుగెత్తుకొని నా తలుపు తట్టగా నేనే ఆమెకు ఫోను చేసితిని. బిడ్డ పుట్టెనని వినగానే మోకరించి స్తోత్రము చెల్లించితిని. ఆమె ఇల్లు చేరెనా అని అడుగుటకు నాకు తోచలేదు. ఆ దినమునుండి ఈ విషయము నన్ను విడువలేదు.

ఇప్పుడు నా వాదము వినుడి. ఆరోగ్య సేవకులయెడల దౌర్జన్యము పురుషులకును ఉన్నది, స్త్రీలకును ఉన్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారము, ఆరోగ్య సేవకులలో నూటికి 8 మొదలు 38 మందివరకు తమ పనికాలములో ఎప్పుడైన ఒకప్పుడు శరీర దౌర్జన్యము పొందినవారే. గాని ఆ దౌర్జన్యము ఇద్దరికిని ఒకే రూపమున రాదు, ఒకే చోట రాదు, వచ్చిన పిమ్మట ఊరు ఒకే విధముగ చూడదు.

పురుషునిమీదికి కోపము వచ్చును. మందు పనిచేయలేదనియో, ప్రభుత్వము ఏదో బలవంతము చేసెననియో జనులు అతని కొట్టుదురు. 1975-77 ఎమర్జెన్సీ కాలములో ఉత్తరదేశమున కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సల బలవంతమువలన పుట్టిన ఆగ్రహము అట్టిదే. ఆ దెబ్బ పగటివేళ, పదిమందిలో తగులును. సాక్షులుందురు. దెబ్బ తిన్నవాడు దానిని చెప్పుకొనుటకు సిగ్గుపడడు.

స్త్రీమీదికి కోపమును వచ్చును, కోపముతోకూడ దురాశయు వచ్చును. అది దారిలో, నిర్మానుష్యమైన గట్టుమీద, తలుపు మూసిన ఇంటిలో, రాత్రి పది గంటలకు మ్రోగు ఫోనులో వచ్చును. ఒక్కొక్కప్పుడు లెక్కలు వ్రాయించుకొనవలసిన పైవాని గదిలో వచ్చును. ఇంటికి పోయిన తరువాత పెనిమిటి చేతిలో మరల వచ్చును. సాక్షులుండరు. చెప్పుకొనినయెడల నింద ఆమెకే మిగులును. గనుక ఆమె చెప్పదు. ఆమె చెప్పనందున మనము, "మన ఊరిలో అట్టివేమియు లేవు" అని పత్రికలవారికి, అధికారులకు గర్వముగా చెప్పుకొందుము. గాయము కనబడనందున రోగము లేదనువాడు ఎట్టి వైద్యుడు?

ఈ పని స్త్రీకి ఎట్లు వచ్చినదో కూడ తెలిసికొనవలెను. 1977 అక్టోబరు 2వ తేదీన భారత ప్రభుత్వము గ్రామ ఆరోగ్య కార్యకర్తల పథకము ఆరంభించినప్పుడు ఎన్నికైనవారిలో ఎక్కువమంది పురుషులు. వారు గర్భిణీస్త్రీల మంచమువరకు పోలేకపోయిరి. 2005 ఏప్రిల్ 12వ తేదీన జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషను వచ్చినప్పుడు, సుమారు వెయ్యిమంది జనులకు ఒకరు చొప్పున ఆశా కార్యకర్త ఉండవలెననియు, ఆమె ఆ ఊరి స్త్రీయే కావలెననియు నిర్ణయించిరి. నేడు దేశమంతటిలో అట్టివారు దాదాపు పది లక్షలమంది. ఆమె స్త్రీ గనుకనే మన పడకగదివరకు రానిచ్చితిమి. ఆమె స్త్రీ గనుకనే దారిలో ఆమెకు భయము. ఏ గుణమునుబట్టి ఆమెను పిలిచితిమో ఆ గుణమునుబట్టియే ఆమె గాయపడుచున్నది. ఆమెను పిలిచినవారికి ఆ గాయమును గూర్చి బాధ్యత లేదందురా?

2022 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ అధిపతి మన ఆశా కార్యకర్తలను ఘనపరచి పురస్కారమిచ్చెను. అదే సమయమున అదే పురస్కారము పొందినవారిలో ఆఫ్ఘనిస్తాను దేశపు పోలియో కార్యకర్తలు ఎనిమిదిమంది ఉన్నారు. వారు 2022 ఫిబ్రవరి 24న తుపాకి గుండ్లకు బలియైనవారు. వారిలో నలుగురు స్త్రీలు, నలుగురు పురుషులు. తుపాకి స్త్రీ పురుష భేదము చూడలేదు. ఆ దేశము యుద్ధమును, ద్వేషమును చూచినది. మన కాలువగట్లమీద యుద్ధము లేదు. వరిచేలు, చేపల చెరువులు, కొబ్బరిచెట్లు, శాంతముగా కనబడు ఊళ్ళు. ఈ శాంతిలోనే పురుషుడు నిర్భయముగా నడుచును, స్త్రీ వెనుక తిరిగి చూచుకొనుచు నడుచును. కొల్లేటి లంకలలో దోనెమీదనో, చెరువుగట్లమీదనో మందుల సంచి చంకనబెట్టుకొని పోవు ఆడబిడ్డను అడిగిచూడుడి. పామునకు భయపడెదవా, మనిషికి భయపడెదవా అని అడుగుడి.

ఇప్పుడు మీ ఆక్షేపణలకు వచ్చెదను.

"రాత్రిపూట తిరుగకూడదు" అందురు. కాన్పు నొప్పులు పగలు చూచుకొని వచ్చునా? ఆస్పత్రిలోనే కాన్పు జరుగవలెనని ప్రభుత్వము చెప్పినది, మనము ఒప్పుకొన్నాము. దానివలన తల్లులు బ్రదికిరి. ఆ మేలు మనకు కావలెను, ఆ మేలు తెచ్చిన స్త్రీ మాత్రము చీకటి పడకముందే ఇంట నుండవలెనా?

"పురుషులకును దెబ్బలు తగులుచున్నవి గదా" అందురు. అవును, తగులుచున్నవి. వారికొరకు చావడి కూడినది గదా! ఆమెకొరకును కూడవలెననియే నేను అడుగుచున్నాను. ఒకనికి ఇచ్చిన న్యాయమును తీసివేయుమనుట లేదు.

"కేసు పెట్టినయెడల ఊరి పరువు పోవును" అందురు. పరువు పోవునది చేయి పట్టినవాని ఇంటిదా, పట్టబడినదాని ఇంటిదా? దొంగతనము జరిగినప్పుడు సొత్తు పోయినవానిని ఊరు వెలివేయునా?

"మనము క్రైస్తవులము, క్షమింపవలెను" అందురు. ఇది అన్నిటికంటె నన్ను నొప్పించిన మాట. క్షమాపణ గాయపడినవారు తమ ఇష్టప్రకారము ఇచ్చునది. చూచినవారు ఆమె పక్షముగా దానిని పంచిపెట్టుటకు అది వారి సొమ్ము కాదు. దావీదు కుమార్తె తామారు సంగతి లేఖనమందు చదువుకొనియున్నారు గదా. రోగియైనట్లు నటించిన అన్నకు పరిచర్య చేయుటకు ఆమె వెళ్ళెను. వెళ్ళుమని పంపినవాడు తండ్రియే. అమ్నోను ఆమెను చెరిపిన తరువాత, స్వంత అన్నయైన అబ్షాలోము ఆమెను ఊరకుండుమనెను. రాజు కోపపడెను గాని ఏమియు చేయలేదు. ఊరకుండుమన్న ఆ ఇంటిలో తరువాత ఎంత రక్తము చిందెనో మీరెరుగుదురు. రోగికి పరిచర్య చేయ పంపబడి గాయపడిన స్త్రీ కథ అది. ఆ రాత్రి ఫోను చేసి పంపినవాడను నేనే గనుక, ఆ అధ్యాయము చదువునప్పుడెల్ల తండ్రి స్థానమున నన్ను నేను చూచుకొనుచున్నాను.

మన సంఘములకు ఈ విషయమున ప్రత్యేకమైన బాకీ యున్నది. 1883లో డాక్టరు అన్నా కుగ్లరు గుంటూరునకు వచ్చి, మగవైద్యుడు చూడరాని స్త్రీలకు వైద్యము చేసెను. 1898లో అచ్చట ఆస్పత్రి తెరచెను. వెల్లూరులో డాక్టరు ఐడా స్కడ్డరు 1909లో నర్సులకు శిక్షణ ఆరంభించెను. ఆ దినములలో మంచి కుటుంబముల ఆడపిల్లలు పరపురుషుల దేహము ముట్టరాదని లోకము అనుచుండగా, ఆ పనికి ముందుకు వచ్చినవారిలో ఎక్కువమంది క్రైస్తవ స్త్రీలు. వారు రోగుల మలము ఎత్తిరి, ఊరి నిందయు మోసిరి. వారి ఫొటోలు మన గుడిగోడలకు వ్రేలాడుచున్నవి. పండుగలకు పూలదండలు వేయుచున్నాము. వారి మనుమరాలివంటిది సంచి తగిలించుకొని ఆ ఫొటోల క్రిందనే ఆదివారము చాపమీద కూర్చుండుచున్నది. ఫొటోకు దండ, మనిషికి నింద! ఇది భక్తి కాదు.

చట్టములేమి చెప్పుచున్నవో వినుడి. కొవిడు తెగులు దినములలో, 2020లో, అంటువ్యాధుల చట్టమును సవరించి, ఆరోగ్య సిబ్బందిని కొట్టినవారికి మూడు నెలలు మొదలు ఐదేండ్లవరకును, తీవ్రగాయము చేసినయెడల ఆరు నెలలు మొదలు ఏడేండ్లవరకును శిక్ష విధించిరి. అందులో గ్రామ ఆరోగ్య కార్యకర్తలనుకూడ పేరెత్తి చేర్చిరి. మంచిదే, గాని ఆ చట్టము తెగులు ఉన్న కాలమునకే. తెగులు తొలగిన పిమ్మట ఆమె దేహమునకు విలువ తగ్గెనా? 2008లో మన రాష్ట్రము చేసిన చట్టము ముఖ్యముగా ఆస్పత్రులను, వాటిలో పనిచేయువారిని దృష్టియందుంచుకొన్నది. 2024 ఆగస్టు 9న కలకత్తా ఆస్పత్రిలో ఒక యువ వైద్యురాలు చెరుపబడి చంపబడినప్పుడు దేశమంతయు లేచినది. సుప్రీముకోర్టు తానే ముందుకు వచ్చి వైద్యసిబ్బంది భద్రతకొరకు ఒక జాతీయ బృందమును నియమించెను. లేవవలసినదే. గాని ఆశా కార్యకర్తకు ఆస్పత్రి గోడలు లేవు, కావలివాడు లేడు. ఆమె పనిచోటు కాలువగట్టు, మాలపల్లె సందు, చెరువు మకాము. 2019లో మన రాష్ట్రమున ఆమె గౌరవవేతనము నెలకు 10,000 రూపాయలైనది. జీతము పెరుగుట మేలే. దారి మాత్రము అదే దారి.

అయినను ఆమెకు ఏ ఆధారమును లేదనుకొనవద్దు. రాజస్థానములో భన్వరీదేవి అను గ్రామ కార్యకర్త బాల్యవివాహమును ఆపబోయినందుకు 1992లో సామూహికముగా చెరుపబడెను. ఆమె ఊరకుండలేదు. క్రింది న్యాయస్థానము నిందితులను విడిచిపెట్టినను, ఆ సంగతినుండి పుట్టిన వ్యాజ్యెములో 1997లో సుప్రీముకోర్టు విశాఖ తీర్పు ఇచ్చెను. దానినిబట్టి 2013లో పనిచోట స్త్రీల లైంగిక వేధింపు నిరోధక చట్టము వచ్చెను. ఒక పల్లెటూరి కార్యకర్త ఊరకుండనందున దేశమందలి స్త్రీలందరికి చట్టము వచ్చెనని మరువకుడి. ఆ చట్టము ప్రకారము జీతము లేక స్వచ్ఛందముగా పనిచేయు స్త్రీకూడ ఉద్యోగినియే. పనిమీద వెళ్ళిన ఇల్లును, ఆ ప్రయాణమునకు పని ఇచ్చినవారు ఏర్పరచిన వాహనమును పనిచోటే. పైవాడు వేధించినయెడల జిల్లాలోని స్థానిక కమిటీకి మూడు మాసములలోపల వ్రాసి ఇయ్యవలెను. పెంటపాడు, తాడేపల్లిగూడెమువారికి జిల్లా కేంద్రము భీమవరము. 2022 ఏప్రిలు నుండి ఏలూరు వేరుజిల్లా గనుక ఆ జిల్లావారు ఏలూరు పోవలెను. బయటివాడు చేసినయెడల పోలీసులయొద్దకు పోవచ్చును. ఏ స్టేషనులోనైనను ఫిర్యాదు తీసికొనవలసినదే. ఆమె అట్లు పోదలచినప్పుడు పని ఇచ్చినవారు తోడ్పడవలెనని 2013 చట్టమే చెప్పుచున్నది. అపాయములో 112, స్త్రీల సహాయమునకు 181 అను నంబర్లు గుడి తలుపుమీద వ్రాయించుడి.

మన సంఘములు చేయవలసినవి నాలుగు చెప్పెదను. వీటికి చందా అక్కరలేదు, మనస్సు చాలును.

ఒకటి, రాత్రి ఆమెను పిలిచిన ఇల్లే ఆమెను తిరిగి ఇంటికి చేర్చవలెను. కాన్పుకు పిలిచినవారు తోడు మనిషిని పంపనియెడల, యౌవనస్థుల కూటమువారు వంతులు వేసికొని పంపవలెను. క్రిస్మసు రాత్రి పాటలు పాడుచు ఊరంతయు తిరుగు మన పిల్లలకు ఇది కష్టము కాదు.

రెండు, ఆమె వచ్చి చెప్పినప్పుడు "ఎందుకు వెళ్ళితివి" అను ప్రశ్న మన నోట రాకూడదు. "ఎవరు చేసిరి, నీవు ఏమి చేయగోరుచున్నావు" అని అడుగవలెను. తేదీ, వేళ, స్థలము వ్రాసి ఉంచవలెను. ఆమె ఒప్పుకొననిది ఏదియు ఆమె పేర చేయకూడదు.

మూడు, స్త్రీల సమాజముతో మాత్రమే ఈ మాటలు చెప్పి విడువకూడదు. చేయి పట్టినవారు స్త్రీల సమాజములో లేరు. పురుషుల కూటములో, యౌవనస్థుల కూటములో చెప్పవలెను. మన కుమారుడే అయినయెడల మనమే అతనిని తీసికొనిపోయి నిలువబెట్టవలెను.

నాలుగు, భార్య సేవచేసి గాయపడి వచ్చినప్పుడు ఆమెను కొట్టు పురుషుడు ప్రభువు బల్లయొద్దకు వచ్చుటకు ముందు సంఘమునకు జవాబు చెప్పవలెను. ఇది మునుపే చేయవలసియుండగా నేను చేయలేదు. ఇకమీదట చేసెదను.

ఐగుప్తులో షిఫ్రా, పూయా అను మంత్రసానులు రాజాజ్ఞను ధిక్కరించి బిడ్డలను బ్రదికించిరి. ఆ కథలో రాజు పేరు వ్రాయబడలేదు, ఆ ఇద్దరి పేర్లు వ్రాయబడినవి. దేవుని పుస్తకమందు మంత్రసానుల పేర్లకు ఎంత విలువయున్నదో దీనివలన తెలియుచున్నది.

ఆ సహోదరి పోలీసులయొద్దకు పోలేదు. పోవుటకు ఇప్పటికిని ఆమెకు హక్కున్నది. ఆమె పనియు మానలేదు. మొన్న మరల అర్ధరాత్రి నా తలుపు తట్టిరి. ఈమారు నేను ఫోను చేసి, చొక్కా వేసికొని, బ్యాటరీలైటు పట్టుకొని, ఆమెను తిరిగి తెచ్చుటకు బండిలో నేనును వెళ్ళితిని. ఆస్పత్రి వరండాలో తెల్లవారువరకు కూర్చుంటిని. తిరిగి వచ్చునప్పుడు గట్టుమీద ఆమె నాకంటె ముందు నడిచెను. ఒక్కసారియైనను వెనుకకు తిరిగి చూడలేదు.

గత ఆదివారము ఆమె సమ్మతితో ఆమె పేరు చెప్పి గుడిలో ప్రార్థన చేసితిమి. ఆలస్యమైనది. మీ సంఘములో ఆలస్యము కానియ్యకుడి.